దిష్టిబొమ్మ గారి ఇల్లు

సన్యాసికి ఇళ్లతో ఏం పనయ్యా అని మీరు అడగవచ్చు. మా ఊళ్లో అందరూ అడిగారు. నా పేరు సన్యాసిరావు కావటం నా తప్పు కాదు, మా అమ్మ మొక్కు. జుట్టు సిమెంటు రంగుకు తిరిగేదాకా సిమెంటు కొట్లో గుమాస్తాగా పనిచేశాను. ఎవరెవరి ఇళ్లకో బస్తాలు ఎత్తించింది చాలు, ఇక నేనే ఇళ్లు కడతానని దూదిమెట్టలో ‘సన్యాసి గృహనిర్మాణ సంస్థ’ అని బోర్డు పెట్టాను. ఆ బోర్డు చూసి నవ్వనిది మా ఆవిడ ఒక్కతే. ఆవిడ ఏడ్చింది.

దూదిమెట్ట పర్యాటక ప్రాంతం. ఘాటురోడ్డు ఎక్కగానే మొదటి మలుపు దగ్గర ఊరు. కార్తీకం వచ్చిందంటే కొండమీంచి మబ్బులు దిగుతాయి, కిందినుంచి బస్సులు ఎక్కుతాయి. మబ్బు దిగాక అక్కడ ఏమీ కనిపించదు. ఆ ఏమీ కనిపించకపోవటాన్ని కళ్లారా చూసి పోదామని జనం ఎక్కడెక్కడినుంచో వస్తారు. వాళ్లకోసం రిసార్టులు, గుడారాలు, చెట్లమీద గదులు, గదుల్లో చెట్లు. వచ్చిపోయేవాళ్లకి కట్టేవాళ్లు వీధికొకరున్నారు గానీ, ఉండిపోయేవాళ్లకి కట్టేవాడు ఒక్కడూ లేడు. ఆ ఒక్కడూ నేనవుదామనుకున్నాను. రెండు గదులు, వంటిల్లు, చిన్న వసారా. సిమెంటూ సెంటిమెంటూ సమపాళ్లలో కలిపి కట్టిన సొంత ఇల్లు. సంస్థ పెట్టాను సరే, దాని వెనకాలే అవస్థ కూడా వచ్చి బోర్డు పెట్టుకుంటుందని అప్పుడు తెలియదు.

మొదటి బేరం పైడితల్లమ్మది. మలుపు దగ్గర టిఫిను బడ్డీ ఆవిడదే. ఆవిడ పెసరట్టు తినకుండా కొండెక్కిన డ్రైవరు లేడు. బడ్డీ పక్కనే ఆవిడకి వాళ్లాయన పోయేముందు కొన్న చిన్న స్థలం ఉంది. ఇన్నాళ్లూ అద్దె ఇంట్లో నెట్టుకొచ్చింది. ఇప్పుడు ఆ ఇంటి యజమాని దాన్ని హోంస్టే చేస్తున్నాడు. దానికి ‘నాయనమ్మ వసారా’ అని పేరు పెట్టి, అందులో ఉన్న అసలు నాయనమ్మని ఖాళీ చెయ్యమన్నాడు.

“సన్నాసిబాబూ, నాకు మేడలొద్దు,” అంది పైడితల్లమ్మ. “వానొస్తే మంచం జరపక్కర్నేని ఇల్లు కట్టు. కార్తీకం ఆఖరు లచ్చివారం ముహూర్తం పెట్టినారు పంతులుగారు. అది దాటితే మూఢం. మూఢంలో కొత్తింట్లోకి అడుగెట్టకూడదట. ఆ యింటాయన ఆ పొద్దుకి నా సామాను బయటెట్టీసినా ఎట్టీస్తాడు. మరి ఎలగ?”

“అంతకు ముందే అప్పజెప్తానప్పా,” అన్నాను. మా వైపు అక్కని అప్ప అంటాం, గురువారాన్ని లచ్చివారం అంటాం.

మాట ఇవ్వటం తేలిక, మట్టం పట్టటం కష్టం. అయినా పని బాగానే సాగింది. ఊళ్లో సొంతింటి ఆశ ఉన్నవాళ్లంతా రోజూ వచ్చి చూసిపోతున్నారు. “ఈ ఇల్లు పూర్తిచెయ్యి సన్నాసీ, తరవాత మాది మాటాడుకుందాం,” అంటున్నారు. అంటే ఈ ఇల్లు నిలబడితే నేను నిలబడతాను. ఇది కూర్చుంటే నేను మళ్లీ సిమెంటు కొట్లో కూర్చుంటాను.

స్లాబు పడ్డ మర్నాడు తవిటయ్య మేస్త్రీ దిష్టిబొమ్మ కట్టాడు. కడుతున్న ఇంటికి నలుగురి కళ్లూ తగలకుండా బొమ్మ కట్టటం, గృహప్రవేశం నాడు దించెయ్యటం ఎప్పుడూ ఉన్నదే. తవిటయ్య పేరుకి తాపీ మేస్త్రీ, నడకా తాపీయే, మాటా తాపీయే. బొమ్మ దగ్గర మాత్రం పూనకం వస్తుంది. మా ఆవిడ పాతసామాను వాడికి వేద్దామని దాచిన నా సఫారీ సూట్లో గడ్డి కూరాడు. మసికుండకి సున్నంతో గుడ్లు దిద్దాడు. కొబ్బరిపీచు మీసం పెట్టి, ఎర్రగుడ్డ నాలుక వేలాడదీశాడు. పైకెక్కించి చూస్తే, ఎవరో జిల్లాస్థాయి అధికారి మన అర్జీ చదివి నాలుక బయటపెట్టినట్టుంది.

“ఎలగుంది బాబు?” అన్నాడు తవిటయ్య.

“లేచి నిలబడి దండం పెట్టాలనిపిస్తోందయ్యా,” అన్నాను.

నాకే కాదు, అందరికీ అనిపించింది. ఒక బస్సు పెసరట్టుకి ఆగింది. అందులోంచి దిగిన ఒక అమ్మాయి బొమ్మ కింద నిలబడి, బొమ్మలాగే నాలుక బయటపెట్టి సెల్ఫీ తీసుకుంది. ఆ ఫోటో ఫోన్లకెక్కింది. ఇక చూడండి, మబ్బుల్ని చూడటానికి బయల్దేరిన బస్సులన్నీ మా మలుపు దగ్గరే ఆగిపోయాయి. కొత్త దంపతులు నాలుకలు బయటపెట్టారు. రిటైరైన తహసీల్దార్లు బయటపెట్టారు. పైన మబ్బులు చూసే దిక్కులేక ఊరికే తేలుతున్నాయి.

అప్పుడు, గృహప్రవేశానికి ముందు గ్రహప్రవేశం జరిగింది.

జీపు దిగినవారు చక్రధరం గారు. పర్యాటక ఆకర్షణల పరిరక్షణ మండలికి ప్రత్యేకాధికారి. మనిషి సన్నగా, మర్యాదగా ఉంటారు. వాక్యం మాత్రం లావు. ఇంటిముందు నిలబడి, మెడ పైకెత్తి, ఇలా సెలవిచ్చారు:

“పైన ఉదహరించిన బొమ్మ సజీవ జానపద శిల్పసంపదగా మండలిచే గుర్తింపబడినది. దానిని దించుట, కదల్చుట, దాని నాలుకను లోనికి నెట్టుట నేటినుండి నిషేధింపబడినవి.”

“సంతోషం సార్,” అన్నాను. “గృహప్రవేశం నాటికి ఎలాగూ దించేస్తాం కదా, అప్పుడు మీరే పట్టుకెళ్లి మ్యూజియంలో పెట్టుకోండి.”

ఆయన నన్ను జాలిగా చూశారు. “సన్యాసిరావు గారూ, దిష్టిబొమ్మకు నిర్వచనమేమి? నిర్మాణంలో ఉన్న ఇంటికి కట్టబడినది. ఇల్లు పూర్తియైనచో అది దిష్టిబొమ్మ కాజాలదు, గడ్డిబొమ్మ అగును. గడ్డిబొమ్మలు వ్యవసాయ శాఖవి. కావున బొమ్మ యొక్క హోదాను కాపాడు నిమిత్తం ఇల్లు పూర్తి కారాదు.”

శంకుస్థాపన మేం చేశాం. శంక స్థాపన మండలి చేసింది.

“అయితే పని ఆపెయ్యమంటారా?”

“అయ్యో, ఎంతమాట! పని ఆగినచో అది ఆగిన నిర్మాణం. ఆగిన నిర్మాణం శిథిలంతో సమానం. శిథిలాలు పురావస్తు శాఖవి. ఇంత శ్రమించి గుర్తించిన బొమ్మను వారికి అప్పగించుట మండలికి సమ్మతం కాదు. పని జరుగుతూనే ఉండవలెను. పూర్తి మాత్రం కారాదు.”

“అదెలా సార్?”

“పగలు కట్టినది సాయంత్రం తొలగింపుడు. మీకు కలుగు నష్టం మండలి భరించును.”

మర్నాటినుంచి మొదలైంది. పొద్దున్న వంటింటి గోడ కడతాం, సాయంత్రం పడగొడతాం. పునాది అంటే పునః ఆది అని, అంటే మళ్లీ మొదటికి రావటమని, ఇన్నాళ్లూ సిమెంటు కొట్లో ఉండి కూడా నాకు తట్టలేదు. తవిటయ్య మొదటిరోజు గునపం పట్టుకుని గోడముందు చాలాసేపు నిలబడ్డాడు.

“బాబు, నా సేత్తో కట్టిన గోడ ఏదీ ఇంతవరకు పడలేదు. ఇప్పుడు నాకు గోడ కట్టినందుకు కూలా, గోడ కూల్చినందుకు కూలా?”

“రెండిటికీనయ్యా. కట్టినా కూలే, కొట్టినా కూలే.”

“మరి మా ఆడది ఇయ్యేల ఏం పని చేసినావని అడిగితే ఏటి సెప్పాల? కట్టినాననా, కొట్టినాననా?”

గోడ పడ్డప్పుడల్లా యాత్రికులు చప్పట్లు కొట్టేవాళ్లు. దాన్ని చూసి మండలి ఉత్సాహపడి, చూసేవాళ్లకి టిక్కెట్టు పెట్టి, ఒక కమిటీ వేసింది. కమిటీ అంటే, కమ్, టీ. వచ్చారు, పైడితల్లమ్మ బడ్డీలో టీ తాగారు, సిఫారసులు చేశారు. తవిటయ్యకి తలపాగా పెట్టారు. కూలీలు పనిచేస్తూ పాట పాడాలన్నారు. మా కూలీలకి సినిమా పాటలు తప్ప రావని తెలిసి, పెదాలు కదిపితే చాలన్నారు. ఇసుక గుట్టకి తాడు కట్టి ‘తాకరాదు’ అని రాశారు. ఆ గుట్టలోంచి ఇసుక తియ్యటానికి వీల్లేక, పనికి కావలసిన ఇసుక ఇంకో లారీ తెప్పించి దాని వెనకాల పోయించాను. రెండోరోజు దానికీ తాడు కట్టారు.

ఇంతలో మండలికి ఒక భయం పట్టుకుంది. ఇంతమంది ఇన్ని రకాలుగా చూస్తున్నారే, బొమ్మకి దిష్టి తగిలితే?

నవ్వకండి. ఆ మాట అన్నప్పుడు చక్రధరం గారు నవ్వలేదు. చర్చించారు, తీర్మానించారు, బొమ్మకి దిష్టి తగలకుండా దాని భుజంమీద ఇంకో చిన్న బొమ్మ కట్టించారు. దానికీ సఫారీ సూటే, కాకపోతే పొట్టి చేతులది. యాత్రికులు ముచ్చటపడి పెద్దబొమ్మని వదిలేసి చిన్నబొమ్మతో ఫోటోలు దిగటం మొదలెట్టారు. దానితో చిన్నబొమ్మకి దిష్టి సమస్య వచ్చింది. మూడో బొమ్మ ప్రతిపాదన పై కార్యాలయంలో ఉందని, ఈలోగా తాత్కాలికంగా నిమ్మకాయ కట్టమని చెప్పారు.

బొమ్మలకి మూడోతరం వస్తోంది. పైడితల్లమ్మకి మొదటి గది లేదు.

ముహూర్తం ముంచుకొచ్చింది. అటు హోంస్టేకి రంగులు మొదలెట్టారు. రంగులవాళ్లు ఆవిడ సామాను వీధి అరుగుమీదికి జరిపేశారు. ఆవిడ మంచం కోడుకి కూడా పొరపాటున ఓ చెయ్యి పసుపు రంగు పూశారు. ఆ పొద్దున్న ఆవిడ బడ్డీలో అట్టు తిరగేస్తూ నా మొహం చూడకుండా అడిగింది.

“సన్నాసిబాబూ, నిజం సెప్పు. లచ్చివారం నా గిన్నెలు ఎక్కడ దించుకోవాల?”

మాటలతో బతికేవాణ్ణి, ఒక్క శ్లేష కూడా దొరకలేదు.

పక్క బల్లమీద చక్రధరం గారు ఉప్మా పెసరట్టు తింటున్నారు. తనిఖీకి వచ్చినప్పుడల్లా తింటారు, ఎప్పుడూ మెచ్చుకుంటారు. మంచివారు. పైడితల్లమ్మ అట్లకాడ పట్టుకునే ఆయన ఎదుటికి వెళ్లింది.

“బాబూ, మీరు నా ఇంటికి ఎన్ని బొమ్మలైనా ఎట్టుకోండి. నన్ను కూడా ఒక మూలకి ఎట్టండి.”

“అమ్మా, మీ బాధ మాకు అవగతమే. కాని నివాసం అనునది మండలి పరిధిలోనిది కాదు. మాది ఆకర్షణ మాత్రమే.” ఆయన చట్నీలో వేలు ముంచి నిట్టూర్చారు. “అసలే నేను చింతలో ఉన్నాను. వచ్చే వారం పై కార్యాలయం బృందం వస్తున్నది. బొమ్మతో పాటు స్థానిక ఆచారమొకటి ప్రదర్శింపుమన్నారు. కోలాటం, తప్పెటగుళ్లు, పులివేషం, అన్నీ ఇతర మండలులు పట్టుకుపోయినవి. మాకేమియు మిగులలేదు. ఇంటికి సంబంధించిన ఆచారములు మీలో ఏమున్నవి?”

పైడితల్లమ్మ ఆయన్ని ఒకసారి చూసింది. ప్లేటులో ఇంకో అట్టు వేసింది.

“ఏటున్నాయి బాబూ, కొత్తిల్లు కడితే గృహప్రవేశం సేసుకుంతాం. ఆవుని తోలుకొస్తాం. గుమ్మడికాయ కొడతాం. పాలు పొంగిస్తాం. ఇవేం గొప్ప? మీకు పనికిరావులెండి.”

చక్రధరం గారి చెయ్యి ప్లేటులో ఆగిపోయింది. “పాలు పొంగించుట! ఎవ్వరును పట్టుకుపోలేదు!” అని లేచి నిలబడ్డారు. “సన్యాసిరావు గారూ, గృహప్రవేశ నమూనా ప్రదర్శన! వెంటనే ఏర్పాట్లు చేయుడు!”

“గృహప్రవేశానికి గృహం కావాలి కదా సార్. ఇక్కడ వంటింటికి మూడు గోడలే ఉన్నాయి. నాలుగోది రోజూ సాయంత్రం పడగొడుతున్నాం.”

ఆయన ఆలోచించారు. అధికారులు ఆలోచించినప్పుడు మనం మాట్లాడకూడదు, పొంగేపాల మీద మూత పెట్టినట్టవుతుంది.

“ఇల్లు పూర్తి చేయుటకు అనుమతి లేదు,” అన్నారు చివరికి. “ప్రదర్శన నిమిత్తం ఇంటి సెట్టింగు పూర్తి చేయుటకు అనుమతి ఇవ్వబడినది.”

“సెట్టింగులో తలుపులుండొచ్చా?”

“ఉండవలెను. సహజత్వం ముఖ్యం.”

“కుళాయి? కరెంటు?”

“నీరు రాని కుళాయి, వెలగని బల్బు సహజం కాజాలవు.”

“అవి కూడా సహజమే సార్ మా ఊళ్లో. అయినా మీరన్నారు కాబట్టి నీళ్లొచ్చే కుళాయే పెడతాను.”

ఆ సాయంత్రం గోడ పడలేదు. తవిటయ్య తలపాగా తీసి పక్కన పెట్టి, గోడని అరచేత్తో ఒకసారి తట్టి, అలాగే కూర్చున్నాడు. మర్నాటినుంచి ఆ తాపీ మనిషిని నేను ఆపలేకపోయాను. చప్పట్లు కొడదామని వచ్చిన యాత్రికులు గోడ ఎంతకీ పడకపోవటంతో విసుగెత్తి, టిక్కెట్టు డబ్బులు వాపసు అడిగారు.

ఇక తేదీ దగ్గర చిక్కొచ్చింది. పైవారి బృందానికి ఆదివారం వీలు. కామేశం పంతులుగారిని పిలిపించారు.

“ఆదివారమా? అప్పటికి మూఢం వచ్చేస్తుంది,” అన్నారు పంతులుగారు. “గురువారమే.”

“ఇది నమూనా మాత్రమే కదా పంతులుగారూ, నమూనాకు ముహూర్తమేల?”

“ముహూర్తం లేకుండా చేస్తే అది నమూనా ఎందుకవుతుంది నాయనా? నాటకం అవుతుంది.”

చక్రధరం గారు ఉలిక్కిపడ్డారు. “నాటకమా! వద్దు, వద్దు. నాటకములు సాంస్కృతిక శాఖవి. వారు ఆక్షేపింతురు. గురువారమే కానిండు, బృందమును నేను ఒప్పించెదను.” ఆ తరవాత కాగితం తీసి, “ఇక గృహిణి పాత్రధారి. ఎవరైనా అనుభవజ్ఞులు దొరకుదురా?” అన్నారు.

“నాను సేస్తాను బాబూ,” అంది పైడితల్లమ్మ.

“అనుభవమున్నదా?”

“సెయ్యలేదు గాని, కాపరానికొచ్చిన కాడినుంచి మనసులో ఆడుకుంతన్నాను.”

గురువారం తెల్లారేసరికి మబ్బు దిగింది. బస్సులు ఆగాయి. పైవారి బృందం కుర్చీల్లో కూర్చుంది. చక్రధరం గారు మైకు పట్టుకుని, “ఇప్పుడు గోవు ప్రవేశించును,” అన్నారు. గోవు ప్రవేశించి, బృందానికి తెచ్చిన పూలగుత్తిని ఆరగించింది. పైడితల్లమ్మ కొత్త కోక కట్టుకుని, దేవుడి పటం గుండెకి ఆనించుకుని, గుమ్మం దగ్గర ఆగింది. “ఇప్పుడు పాత్రధారి కుడికాలు మోపును,” అన్నారు మైకులో. ఆవిడ మోపలేదు. నిలబడే ఉంది. చూస్తే కళ్లవెంట ధారగా నీళ్లు.

“అద్భుతం,” అన్నారు పైవారిలో పెద్దాయన. “చాలా సహజంగా చేస్తోంది.”

“పద అప్పా,” అన్నాను మెల్లగా. మోపింది.

పాలు పొంగాయి. పంతులుగారు గుమ్మడికాయ కొట్టించారు. తవిటయ్యకి బట్టలు పెట్టారు. పైవారు పరమాన్నం రెండుసార్లు వేయించుకుని, ఇంత ప్రామాణికమైన ప్రదర్శన తమ అధికార పరిధిలో ఎక్కడా చూడలేదని రాసి ఇచ్చి వెళ్లిపోయారు.

చక్రధరం గారు చెమట తుడుచుకున్నారు. “అమ్మా, దిగ్విజయం. ఇక మీరు బయటకు వచ్చినచో తాళం వేసెదము.”

“బయటకా?” పైడితల్లమ్మ పొయ్యిదగ్గర గిన్నెలు సర్దుకుంటూ తిరిగి చూసింది. “గృహప్రవేశం సేసినోళ్లు ఆ ఇంట్లో మూడు నిద్దర్లు సెయ్యాల గదా బాబూ.”

ఆయన పంతులుగారి వైపు చూశారు. పంతులుగారు, “చెయ్యాలి. చెయ్యకపోతే ప్రవేశం చెల్లదు,” అన్నారు.

ఆయన నా వైపు చూశారు. “చెల్లకపోతే పైవారు రాసిచ్చింది కూడా చెల్లదేమో సార్,” అన్నాను.

మూడు నిద్రలూ అయ్యాయి. నాలుగోరోజు తాళంతో వచ్చారు. ఈసారి ఆవిడ ఏ ఆచారమూ చెప్పలేదు. “ఏటి బాబూ ఇలా వొచ్చినారు, కూకోండి,” అని మంచం చూపించి అట్టు పెట్టింది. ఆయన తింటూ ఇల్లంతా చూశారు. గూట్లో దేవుడి పటం, దండెంమీద కోక, మూలన పసుపు రంగు కోడు మంచం. ఆయన తాళం జేబులో వేసుకున్నారు. తన ఫైల్లో ఏం రాసుకున్నారో తరవాత చెప్పారు: ‘ప్రదర్శన కొనసాగుచున్నది.’ ముగిసిందని రాస్తే ముగింపు నివేదిక పంపాలట, దానికి నమూనా ఎవరిదగ్గరా లేదట.

ఇప్పుడు మండలి వారి దస్త్రాల ప్రకారం ఆ ఇల్లు పూర్తి కాలేదు. బొమ్మ, చిన్నబొమ్మ, నిమ్మకాయ పైన అలాగే ఉన్నాయి. దించమంటావా అని నేనే అడిగితే పైడితల్లమ్మ వద్దంది. “ఉండనీ. అందరి సూపూ ఆటి మీదే ఉంటాది. నన్నెవులు సూస్తారు?” ఊళ్లోవాళ్లు నా దగ్గరికి బేరాలకి వస్తున్నారు. ఇల్లు కట్టిపెట్టమని ఎవరూ అడగటం లేదు. “మాక్కూడా రెండు గదుల ప్రదర్శన ఒకటి ఎయ్యి సన్నాసీ,” అంటున్నారు.

మొన్న ఆదివారం అటు వెళ్లాను. రెండు బస్సులు ఆగి ఉన్నాయి. జనం ఇంటిముందు కుర్చీలు వేసుకుని పాత్రధారి కోసం చూస్తున్నారు. పైడితల్లమ్మ బడ్డీ కట్టేసి, కాళ్లు కడుక్కుని, వాళ్లమధ్యనుంచి నడిచి గుమ్మం ఎక్కింది. ఒకాయన ఫోను ఎత్తి, “అమ్మా, ఇప్పుడేం చేస్తారు?” అని అడిగాడు.

“నడుం నొప్పి బాబూ. కూసింత పడుకుంతాను,” అని లోపలికెళ్లి తలుపేసుకుంది. లోపల గెడ పడ్డ చప్పుడు వినిపించింది.

జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.